కిరాయి పోర్షన్లున్న ఇంట్లో వైఫైని కాపాడుకోవడం ఎలా?

హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర, వడ్డేపల్లి ప్రాంతాల్లో ఏ గల్లీలోనైనా నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఇరుగుపొరుగు ఇళ్ల పేర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లు, ఒక్కో ఇంట్లో రెండు మూడు కిరాయి పోర్షన్లు, పక్కనే కోచింగ్ విద్యార్థుల హాస్టళ్లు ఉన్నచోట ఒకరి సిగ్నల్ మరొకరి పడకగది దాకా వెళ్లడం సహజమే. ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు ఇటుక గోడలను దాటి వీధిలోకి వస్తాయి. వాటిని ప్రహరీ లోపలే ఆపడం సాధ్యం కాదు. అయితే ఆ సిగ్నల్ అందినవారిలో ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించే వీలు మాత్రం పూర్తిగా ఇంటివారి చేతిలోనే ఉంటుంది.

ఇళ్ల వైఫైలోకి జరిగే చొరబాట్లలో చాలావాటికి పెద్ద నైపుణ్యమేమీ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. పాస్‌వర్డ్ చేతులు మారుతూ పోతుంది. నిరుడు పోర్షన్ ఖాళీ చేసి రెండిళ్ల అవతల దిగిన కుటుంబానికి అది తెలుసు, కనెక్షన్ బిగించిన టెక్నీషియన్‌కు తెలుసు, అబ్బాయి స్నేహితులకు తెలుసు, సద్దుల బతుకమ్మకు వచ్చిన చుట్టాల పిల్లలకు తెలుసు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్‌లో భద్రపరిచిన వైఫైని క్యూఆర్ కోడ్‌గా ఇతరులకు చూపించే సౌకర్యం వచ్చింది. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందనే పాస్‌వర్డ్ కూడా అక్షరాల్లో కనిపిస్తుంది. అందువల్ల ఒకరికి ఇచ్చిన పాస్‌వర్డ్ ఎంతమందికి చేరిందో తెలుసుకునే మార్గం ఇచ్చినవారికి ఉండదు. కింద చెప్పిన పనులన్నీ ఈ వాస్తవాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పినవే.

డేటా కాస్త ఎక్కువ ఖర్చయితే ఏమవుతుందిలే అనుకునేవారు 2008 నాటి ఒక సంఘటనను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్ల సమయంలో వార్తా సంస్థలకు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో నివసిస్తున్న ఒక విదేశీయుడి వైఫై గుండా వెళ్లింది. ఆ ఈమెయిల్‌తో ఆయనకు సంబంధం లేకపోయినా పోలీసులు మొదట చేరుకున్నది ఆయన ఇంటికే. ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే ఐపీ చిరునామా కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి దగ్గరికే దారి చూపుతుంది. ఆ సమయంలో ఫోన్ పట్టుకున్నది ఇంటి యజమానా, కిరాయికున్నవారా, వీధిలో వెళ్లేవారా అన్నది ఆ చిరునామా చెప్పదు.

పెట్టె లోపలికి వెళ్లడం

ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబర్ కనెక్షనే వస్తోంది. గోడకు బిగించిన ఆ పెట్టెను మనం రూటర్ అని పిలుస్తున్నా, అది సాధారణంగా ఫైబర్ కాంతి సంకేతాలను అందుకునే ఓఎన్‌టీ, వైఫై రూటర్ రెండూ కలిసిన పరికరం. దాన్ని తిప్పి చూస్తే వెనకో కిందో ఒక స్టిక్కర్ ఉంటుంది. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, సెట్టింగుల చిరునామా, అడ్మిన్ యూజర్‌నేమ్ దాని మీద అచ్చువేసి ఉంటాయి. ముందుగా ఆ స్టిక్కర్‌ను ఫొటో తీసి పెట్టుకోవాలి. వరండాలోనో మెట్ల దగ్గరో పెట్టె బిగించి ఉంటే వచ్చేపోయేవారెవరైనా అదే ఫొటో తీసుకోగలరన్న సంగతి కూడా గమనించాలి. వీలైతే పెట్టెను ఇంటి లోపలికి మార్పించడం మంచిది.

సెట్టింగుల చిరునామా ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. ఈ రెండూ పనిచేయకపోతే ఫోన్‌లో కనెక్ట్ అయిన వైఫై వివరాలు తెరిచి గేట్‌వే అన్న చోట ఉన్న అంకెలను బ్రౌజర్‌లో టైప్ చేయాలి. ఫోన్‌తో ఈ పని చేసేటప్పుడు మొబైల్ డేటా ఆపివేయాలి. అంతకంటే లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో పెట్టెకు కలిపి చేయడం ఉత్తమం, ఎందుకంటే వైఫై పాస్‌వర్డ్ మార్చిన క్షణమే ఫోన్ కనెక్షన్ తెగిపోయి మిగిలిన మార్పులు సగంలో ఆగిపోతాయి.

రూటర్‌కు రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉంటాయన్న విషయం చాలామందికి తెలియదు. ఒకటి వైఫైలో చేరడానికి, మరొకటి సెట్టింగుల పేజీలోకి వెళ్లడానికి. మొదటిది తెలిసినవారు మీ ఇంటర్నెట్ వాడుకోగలరు. రెండోది కూడా తెలిసినవారు మొదటిదాన్ని మార్చి మిమ్మల్నే బయట నిలబెట్టగలరు. రెండోది చాలా పెట్టెల్లో అడ్మిన్, అడ్మిన్ అనే జతగానే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) సుమారు 60 జతల డిఫాల్ట్ యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లను ప్రయత్నించడం ద్వారానే ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలను, రూటర్లను, కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌లను వశం చేసుకుంది. అదే ఏడాది అక్టోబర్ 21న ఆ పరికరాలతో, సైట్ల పేర్లను వాటి ఐపీ చిరునామాలతో కలిపే సేవ అందించే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగినప్పుడు ట్విటర్ వంటి పెద్ద సైట్లు అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. కాబట్టి లోపలికి వెళ్లగానే చేయవలసిన మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. అదే పేజీల్లో రిమోట్ మేనేజ్‌మెంట్ లేదా వాన్ (బయటి ఇంటర్నెట్) వైపు నుంచి ప్రవేశం అన్న అంశం ఉంటే, ఇంటి బయట నుంచి సెట్టింగులు మార్చవలసిన అవసరం మీకు లేనంతవరకు దాన్ని ఆపి ఉంచాలి.

కొన్ని కనెక్షన్లలో ఇంటర్నెట్ కంపెనీ మీకు పరిమిత అధికారాలున్న యూజర్ ఖాతాను మాత్రమే ఇస్తుంది. అటువంటప్పుడు కింద చెప్పిన మార్పుల్లో కొన్ని మీకు కనిపించకపోవచ్చు; కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చేయించుకోవాలి. ఏమీ కనిపించడం లేదని రీసెట్ బటన్ నొక్కకండి. కంపెనీవారు పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా దానితో చెరిగిపోయి, టెక్నీషియన్ వచ్చేదాకా ఇంటర్నెట్ లేకుండా కూర్చోవలసి రావచ్చు.

టూలెట్ బోర్డు మీద ఉన్న పాస్‌వర్డ్

వైఫై భద్రతా విభాగంలో మొదట ఎన్‌క్రిప్షన్ రకాన్ని, అంటే గాలిలో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా మార్చే పద్ధతిని చూడాలి. 1997 నాటి వెప్ పద్ధతి 2001లోనే ఛేదనకు గురైంది. దానిని వాడటం తలుపు తెరిచి పెట్టడంతో సమానం. 2003లో వచ్చిన డబ్ల్యూపీఏ కూడా, దానితోపాటు వచ్చిన టీకిప్ అనే ఎన్‌క్రిప్షన్ విధానం కూడా ఇక పనికిరావు. 2004 నాటి డబ్ల్యూపీఏ2ను ఏఈఎస్ అనే మెరుగైన విధానంతో వాడవచ్చు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 జాబితాలో కనిపిస్తే అదే ఎంచుకోవాలి. పాత ఫోనో, పాత టీవీయో దానితో కలవనని మొరాయిస్తే రెండూ కలిసిన మిశ్రమ విధానం పెట్టుకోవాలి.

డబ్ల్యూపీఏ2లో ఒక బలహీనత ఉంది, అది పాస్‌వర్డ్ ఎంపికను నేరుగా ప్రభావితం చేస్తుంది. ఫోన్ రూటర్‌తో కలిసే క్షణంలో గాలిలో జరిగే సంభాషణను వీధిలో నిలబడినవారు రికార్డు చేసుకొని, ఇంటికి వెళ్లి తీరిగ్గా కంప్యూటర్ మీద ఒక్కొక్క పాస్‌వర్డ్‌నూ ప్రయత్నించి చూడవచ్చు. ఆ ప్రయత్నాలు రూటర్‌ను తాకవు కనుక మీకు జాడ కూడా తెలియదు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు సుమారు పది లక్షల ప్రయత్నాలు చేయగలదు. ఈ లెక్కను మన అలవాట్ల మీద పెట్టి చూడండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలై పది అంకెలుంటాయి కాబట్టి ఉండగల నంబర్లన్నీ కలిపి 400 కోట్లు. వాటన్నింటినీ ప్రయత్నించడానికి గంటకు కాస్త ఎక్కువ సమయం చాలు. పుట్టిన తేదీని ఎనిమిది అంకెలుగా పెట్టుకున్నవారి సంగతి ఇంకా దయనీయం. నూరేళ్ల తేదీలన్నీ కలిపినా 36,500 మాత్రమే కనుక సెకను కూడా పట్టదు.

అసలు చాలాచోట్ల అంత కష్టం కూడా అవసరం లేదు. ఇంటి యజమాని మొబైల్ నంబరే వైఫై పాస్‌వర్డ్, అదే నంబరు గేటుకు వేలాడే టూలెట్ బోర్డు మీద పెద్ద అంకెల్లో ఉంటుంది. కనెక్షన్ బిగించే టెక్నీషియన్లు గుర్తుండటం సులభమని సాధారణంగా ఆ నంబరో, ఇంటిపేరు పక్కన 123 అనో పెట్టి వెళ్తారు. ఇది వారి తప్పనడం కంటే, తర్వాత మార్చుకోవాలన్న మాట ఎవరూ చెప్పకపోవడం లోపం అనడం న్యాయం.

వైఫై పాస్‌వర్డ్‌లో 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. తెలుగు లిపి పనిచేయదు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే వాడాలి. గుర్తుంచుకోవడానికి వీలైన పొడవైన పాస్‌వర్డ్ కావాలంటే ఒకదానికొకటి పొంతన లేని ఐదు తెలుగు పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయడం మంచి పద్ధతి. పదాలను మనసులోంచి తీయకూడదు, ఎందుకంటే మనసు ఎప్పుడూ సమ్మక్క, భద్రకాళి, కాకతీయ, పిల్లల పేర్ల వైపే పోతుంది, దాడి చేసేవారి జాబితాలో కూడా అవే ముందుంటాయి. పిల్లల పాఠ్యపుస్తకం ఒకటి తీసి, చూడకుండా ఐదు చోట్ల తెరిచి, వేలు పడిన పదాన్ని తీసుకోవాలి. రెండువేల పదాల్లోంచి ఇలా యాదృచ్ఛికంగా నాలుగు తీస్తే, పైన చెప్పిన కార్డుకు అన్ని కలయికలూ ప్రయత్నించడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఐదు తీస్తే వెయ్యేళ్లు దాటుతుంది. ఒక్క పదం అంత తేడా తెస్తుంది. దోసకాయను ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కాబట్టి, మీరు రాసిన తీరును ఒక కాగితం మీద పెట్టుకొని బీరువాలో ఉంచండి. ఇంట్లో కాగితం మీద రాసుకోవడం తప్పేమీ కాదు. ఫ్రిజ్ తలుపుకు అతికించకుంటే చాలు.

నెట్‌వర్క్ పేరు కూడా మార్చాలి. డబ్ల్యూపీఏ2లో తాళపు విలువను పాస్‌వర్డ్, నెట్‌వర్క్ పేరు రెండింటినీ కలిపి లెక్కిస్తారు కనుక, కంపెనీ నుంచి వచ్చిన అతి సాధారణమైన పేర్లకు ముందుగానే లెక్కలు కట్టి పెట్టుకోవడం సాధ్యం. కొత్త పేరులో ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు, రూటర్ మోడల్ ఉండకూడదు.

డబ్ల్యూపీఎస్ ఆపివేయడం

బటన్ నొక్కితేనో, ఎనిమిది అంకెల పిన్ కొడితేనో పాస్‌వర్డ్ లేకుండానే పరికరాలను కలిపే సౌకర్యం పేరు డబ్ల్యూపీఎస్. ఎనిమిది అంకెలంటే పది కోట్ల కలయికలని అనిపిస్తుంది. కానీ చివరి అంకె మొదటి ఏడింటి నుంచి లెక్కగట్టేది, పైగా రూటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూస్తుంది. అందువల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలతో పని అయిపోతుందని 2011లో బయటపడింది. ఈ దారి తెరిచి ఉంటే పైన కష్టపడి పెట్టిన ఐదు పదాలకు విలువ ఉండదు. సెట్టింగుల్లో డబ్ల్యూపీఎస్ పూర్తిగా ఆపండి. పిన్ భాగాన్ని మాత్రమే ఆపే వీలుంటే కనీసం అదైనా ఆపండి.

కిరాయిదారులకు, చుట్టాలకు వేరే నెట్‌వర్క్

ఇంటి పాస్‌వర్డ్ ఇంటివారి పరికరాల్లో తప్ప మరెక్కడా ఉండకూడదు. అలాగని ఇంటికి వచ్చినవారిని కాదనడం మన పద్ధతి కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్తూ కరీంనగర్ నుంచో మంచిర్యాల నుంచో వచ్చి హనుమకొండలో ఒక రాత్రి ఆగే చుట్టాలకు నీళ్ల గ్లాసుతో పాటు వైఫై కూడా ఇవ్వవలసిందే. దీనికి గెస్ట్ నెట్‌వర్క్ ఉంది. దానిలో చేరినవారికి ఇంటర్నెట్ వస్తుంది, కానీ మీ కంప్యూటర్, ప్రింటర్, కెమెరాలు కనిపించవు. దాని పాస్‌వర్డ్ కూడా కనీసం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌తోనైనా ఉండాలి. పాస్‌వర్డ్ లేకుండా తెరిచి పెట్టకూడదు.

ఫైబర్ కంపెనీలు ఇచ్చే పెట్టెల్లో గెస్ట్ అన్న పేరే ఉండకపోవచ్చు. ఎస్‌ఎస్‌ఐడీ (నెట్‌వర్క్ పేరు) 1, 2, 3, 4 అని వరుసగా ఉంటే రెండోదాన్ని తెరిచి, దాని కిందనున్న ఐసొలేషన్ (విడదీత) అన్న అంశాన్ని ఆన్ చేయాలి. అది లేకుండా రెండో పేరు పెట్టడం వల్ల పేరు మారుతుందే తప్ప రక్షణ రాదు. పరీక్షించడం తేలిక: ఒక ఫోన్‌ను గెస్ట్‌లో చేర్చి, రూటర్ సెట్టింగుల చిరునామాను తెరిచి చూడండి. లాగిన్ పేజీ కనిపిస్తే విడదీత పూర్తిగా జరగలేదని అర్థం. అప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంత బలంగా ఉంటే అంత మేలు. ఈ పద్ధతికి ఒక అసౌకర్యం కూడా ఉంది. గెస్ట్‌లో ఉన్న ఫోన్ నుంచి హాల్లోని టీవీకి వీడియో పంపడం కుదరదు.

గెస్ట్ పాస్‌వర్డ్‌ను వెనకాడకుండా మార్చవచ్చు. పోర్షన్ ఖాళీ అయిన రోజు, పరీక్షలు ముగించుకొని విద్యార్థులు గదులు వదిలి వెళ్లినప్పుడు, పండుగ సందడి అయిపోయాక మారిస్తే సరిపోతుంది. ఇంటి నెట్‌వర్క్ పాస్‌వర్డ్ మార్చడం మాత్రం పెద్ద పని. టీవీ, కెమెరా, ఫోన్లు అన్నింటిలో మళ్లీ కొట్టాలి. ఆ శ్రమ తరచూ రాకుండా ఉండటానికే ఈ విభజన.

కిరాయికి ఉన్నవారికి శాశ్వతంగా ఇంటర్నెట్ పంచి, కిరాయిలో కలిపి డబ్బు తీసుకునే యజమానులు కొందరున్నారు. నన్నడిగితే అది చేయకపోవడమే మేలు. గెస్ట్ నెట్‌వర్క్ మీ ఫైళ్లను కాపాడుతుంది గాని, దాని ద్వారా ఎవరో చేసిన పనికి మొదట జవాబు చెప్పుకోవలసిన స్థితి నుంచి మిమ్మల్ని తప్పించదు. వారి పేరున వారే కనెక్షన్ తీసుకుంటే ఇద్దరికీ నిశ్చింత.

సీసీ కెమెరాల సంగతి

దొంగల భయంతో పెట్టించిన కెమెరాలే ఒక్కోసారి బయటివారికి దారి అవుతాయి. కెమెరా, డీవీఆర్ రెండింటి డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లను మార్చాలి. వైఫై కెమెరా అయితే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచవచ్చు. యాప్ ద్వారా బయటి నుంచి చూసే సౌకర్యం సాధారణంగా అలాగే పనిచేస్తుంది. బిగించినవారు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లోని పరికరానికి నేరుగా దారి, పెట్టి ఉంటే, ఆ డీవీఆర్ లాగిన్ పేజీ ప్రపంచం మొత్తానికి తెరిచి ఉన్నట్టే. ఆ నమోదును తొలగించాలి. పరికరాలు తమంతట తామే అటువంటి దారులు తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీని కూడా ఆపాలి.

ఉత్తుత్తి ధైర్యం ఇచ్చేవి

నెట్‌వర్క్ పేరును జాబితాలో కనిపించకుండా దాచమని చాలామంది సలహా ఇస్తారు. పేరు దాచినా, మీ ఫోన్ కలిసే ప్రతిసారీ అది గాలిలో బయటపడుతుంది. పైగా దాచిన నెట్‌వర్క్‌ను వెతుక్కుంటూ మీ ఫోన్ వెళ్లిన చోటల్లా ఆ పేరు పిలుస్తూ ఉంటుంది. ఒక్కో పరికరాన్ని గుర్తించే మ్యాక్ చిరునామాల జాబితా పెట్టి, అందులో ఉన్నవాటినే అనుమతించడం మరో సలహా. ఆ చిరునామాలు ఎన్‌క్రిప్షన్ లేకుండానే గాలిలో ప్రయాణిస్తాయి కనుక వాటిని చూసి కాపీ కొట్టడం కష్టం కాదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు కల్పిత మ్యాక్ చిరునామా వాడుతుండటంతో, ఈ జాబితా ఒక్కోసారి ఇంటివారినే ఆపి కూర్చుంటుంది. ఈ రెండింటి మీద గడిపే సమయాన్ని అప్‌డేట్ మీద పెట్టడం ఉత్తమం.

అప్‌డేట్ అంటే రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను కొత్తది చేయడం. 2017లో బయటపడిన క్రాక్ అనే లోపం డబ్ల్యూపీఏ2 పద్ధతిలోనే ఉంది. పాస్‌వర్డ్ ఎంత మార్చినా అది పోలేదు, ఫోన్లలోను రూటర్లలోను అప్‌డేట్ వేసినప్పుడే పోయింది. కంపెనీ ఇచ్చిన పెట్టెకు సాధారణంగా వారే అప్‌డేట్ పంపుతారు. మీరు సొంతంగా కొన్న రూటరైతే సెట్టింగుల్లోని ఫర్మ్‌వేర్ పేజీని నెలకోసారి చూడాలి. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన పాత రూటర్‌ను, అది ఎంత బాగా పనిచేస్తున్నా, మార్చేయాలి. పాతదాన్ని అమ్మే ముందు, ఎవరికైనా ఇచ్చే ముందు మాత్రం రీసెట్ చేయాలి.

కరెంటు పోయి వచ్చినంత మాత్రాన మీ మార్పులు చెరిగిపోవు. కానీ మరమ్మతుకు వచ్చిన టెక్నీషియన్ రీసెట్ చేసినా, పెట్టె మార్చినా అన్నీ స్టిక్కర్ మీదున్న స్థితికి వెళ్లిపోతాయి. ఆయన గేటు దాటగానే ఒకసారి లోపలికి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్, డబ్ల్యూపీఎస్ మూడూ సరిచూసుకోవాలి.

ఎవరో ఉన్నారనిపిస్తే

సెట్టింగుల్లో కనెక్ట్ అయిన పరికరాల జాబితా ఉంటుంది. పేర్లు అర్థం కాని అక్షరాల్లో ఉన్నాయని కంగారుపడకండి. స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాలు వింత పేర్లతోనే కనిపిస్తాయి. ఇంట్లోని పరికరాలను ఒక్కొక్కటిగా ఆపుతూ జాబితాను మళ్లీ తెరిస్తే ఏది ఎవరిదో తేలుతుంది. జాబితా చూస్తున్న పరికరం తప్ప అన్నీ ఆపినా మరొకటి మిగిలితే అది మీది కాదు. సైట్ పేరును దాని ఐపీ చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ అన్న చోట మీరు గాని కంపెనీ గాని పెట్టని చిరునామా కనిపిస్తే ఇంకా జాగ్రత్తపడాలి, ఎందుకంటే దాన్ని మార్చినవారు మీరు బ్యాంకు పేరు టైప్ చేసినా మిమ్మల్ని మరో చోటికి పంపగలరు.

బయటివారు చేరి డేటా వాడుకున్నట్టు మాత్రమే కనిపిస్తే రెండు పాస్‌వర్డ్‌లూ మార్చితే సరిపోతుంది. డబ్బు పోయినా, మీ కనెక్షన్‌తో ఎవరో తప్పుడు పని చేశారన్న అనుమానం ఉన్నా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లోకి మోసపూరితంగా ప్రవేశించడం 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద నేరం; మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే పాస్‌వర్డ్ మార్చడానికి, పెట్టె స్విచ్ కట్టడానికి ముందు పరికరాల జాబితాను, డీఎన్‌ఎస్ పేజీని, సిస్టమ్ లాగ్‌ను తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీయాలి. చాలా రూటర్లలో లాగ్ తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, స్విచ్ కట్టగానే పోతుంది. ఆ తర్వాత పోలీసులకు చూపించడానికి మీ మాట తప్ప ఏమీ మిగలదు.